ఆయమ్మ నోటుబుక్కులో మూడో గడి

ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి కొత్తగా టీచరుగా చేరింది. నన్ను ఆపి ఫోను చూపించింది. రోజూ పొద్దున్నే అందులో ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థం, దాన్ని వాడి చూపించే ఒక వాక్యం వచ్చి కూర్చుంటాయట. "మీ కాలంలో ఇవన్నీ లేవు కదండీ, పాపం ఎలా నేర్పేవారో!" అంది.

ఒళ్ళు మండింది నాకు. మా కాలమట! నేను రిటైరయ్యి మూడేళ్ళు కూడా కాలేదు. "మా కాలంలో చాక్‌పీసు ఉండేదమ్మా, దానికి ఛార్జింగు అక్కర్లేదు" అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక మాత్రం, ఆ పిల్లకి అసలు చెప్పాల్సింది చెప్పకుండా వచ్చానే అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. తప్పు చేసిన మనిషి పేరు నాకు తెలుసు, రోజూ అద్దంలో చూస్తూనే ఉంటాను.

మా తాత గుంటూరు వైపు నుంచి మిషను బడిలో పంతులుగా సికింద్రాబాదు వచ్చాడు. అమ్మ టీచరు, నాన్న టీచరు. నేను ఇంకేమవుతాను? రాంగోపాల్‌పేట్‌లో ఇల్లు, అక్కడికి పది నిమిషాల నడకలో బడి. ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఎర్ర సిరా పెన్నులు డజన్ల లెక్కన కొనేదాన్ని. నా చేతిలోంచి తప్పు తప్పించుకుపోలేదని గొప్పగా చెప్పుకునేదాన్ని. పిల్లలు వెనకాల నన్ను ఏమని పిలిచేవారో కూడా తెలుసు గానీ, అది ఇక్కడ రాయను.

నాకో పద్ధతి ఉండేది. మా వరండాలో ఒక నల్లబల్ల ఉంది. రోజూ ప్రార్థన గంటకు ముందే దాని మీద ఐదు ఇంగ్లీషు మాటలు రాసేదాన్ని. పిల్లలు నోటుబుక్కులో మూడు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో మాట. రెండో గడిలో డెఫినిషన్, అంటే ఆ మాటకు అర్థం, అదీ ఇంగ్లీషులోనే. మూడో గడిలో ఆ మాట వాడి ఒక ఉదాహరణ వాక్యం. సాయంత్రానికి నేను దిద్ది, 'గుడ్' అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టేదాన్ని. ఎన్ని వేల సంతకాలు పెట్టానో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారియర్ విప్పుకుని కూర్చున్నాను. మా బడి ఆయమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నలభై దాటిన మనిషి. ఉదయం, సాయంత్రం చిన్నపిల్లల వ్యానులో తిరుమలగిరి మీదుగా అల్వాల్ దాకా వెళ్ళి వస్తుంది. మధ్యలో వరండాలు ఊడుస్తుంది. ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుందట.

"మేడం, గా నల్లబల్ల మీది మాటలు నాకు సుత నేర్పుతరా?" అంది.

"నీకెందుకమ్మా ఇప్పుడు?" అన్నాను. చూశారా నా జాణతనం! నేర్చుకుంటానని వచ్చిన మనిషిని నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"పనున్నది మేడం" అని ఊరుకుంది. కొంగు చాటు నుంచి నోటుబుక్కు తీసింది. బ్రౌన్ పేపరు అట్ట వేసి ఉంది. ఎన్ని రోజులుగా ఊడుస్తూ చూసుకుందో, మూడు గడులూ స్కేలు పెట్టి గీసి ఉన్నాయి. మొదటి గడి నిండా నా మాటలే. మిగతా రెండూ ఖాళీ.

డెఫినిషన్ అంటే ఏమిటో, ఎగ్జాంపుల్ అంటే ఏమిటో చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే మేడం, ఒక గడిల అర్థం జెప్పుడు, ఇంకో గడిల సాక్ష్యం జెప్పుడు. గంతే గదా?" అంది.

ప్రతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు వినేదాన్ని, నాకు ఆ ముక్క ఎన్నడూ తట్టలేదు. నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని ఆమె వంక చూశాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాలప్పుడు మా క్లాసు షురూ. నేనొక బల్లకు ఇవతల, ఆమె అవతల. మొదటి వారంలోనే పేచీ వచ్చింది. 'అబండెంట్' అనే మాటకు పాత గైడులో ఉన్న వాక్యం చెప్పాను. రాజు దగ్గర సమృద్ధిగా బంగారం ఉండెను. ఆమె పెన్ను ఎత్తలేదు.

"ఏ రాజు మేడం?"

"ఏదో ఒక రాజులే అమ్మా."

"మీరు సూసిండ్రా?"

"నేనెక్కడ చూస్తాను? అది ఊరికే ఉదాహరణ."

"సూడంది ఎట్ల రాయాలె మేడం? సాక్ష్యం గడి గదా అది" అంది. అని, తలొంచుకుని కూడబలుక్కుని తనే రాసుకుంది. బోనాల నాడు మా గల్లీలో వేపాకు సమృద్ధిగా ఉంటుంది అని. అంతే, ఆమె రూలు అది. మూడో గడిలోకి అబద్ధం రాదు. జరగనిది రాయదు, తను చూడనిది రాయదు. మా టెన్త్ పిల్లలు ఐదు నిమిషాల్లో ఐదు వాక్యాలు గిలికి పారేసేవారు, ఈమెకు ఒక్కో వాక్యానికి ఒక రోజు పట్టేది. 'గ్రేట్‌ఫుల్', అంటే కృతజ్ఞతగా ఉండడం, అన్న మాటకు వాచ్‌మన్ వానలో తన గొడుగు ఇచ్చిన రోజు గురించి రాసింది. 'హెజిటేట్' అన్న మాటకు, ఆఫీసు గదిలోకి పోవాలంటే నేను సంకోచిస్తాను అని రాసింది. ఎంత ముచ్చటేసిందో! స్టాఫ్ రూములో అందరికీ చూపించి, "చూడండి, మీ పిల్లలకంటే నా స్టూడెంటు నయం" అని గొప్పలు పోయాను.

కొన్నాళ్ళకు తనే మాటలు అడగడం మొదలుపెట్టింది. "మేడం, తలుపుకు గడె ఉంటది గదా, దాన్నేమంటరు?" లాచ్ అని చెప్పాను. "ఊగులాడుతుంటే?" లూజ్. "మల్లమల్ల జెప్పినమంటే?" "భయమైతున్నదంటే?" "బాగు జేసుడంటే?" అన్నీ చెప్పాను. చెప్తూ నవ్వాను కూడా. "ఎందుకమ్మా నీకీ వడ్రంగి మాటలు? 'బ్యూటిఫుల్', 'వండర్‌ఫుల్' లాంటివి నేర్చుకోరాదూ?" అన్నాను. ఆమె నవ్వలేదు.

నోటుబుక్కు తెచ్చి ఇచ్చేది. నేను ఎర్ర పెన్ను తీసేదాన్ని. కళ్ళు తప్పుల కోసం పరుగెత్తేవి. ఉంటే దిద్దడం, లేకపోతే 'గుడ్'. తారీఖు, సంతకం. ఒకసారి మాత్రం పుస్తకం తీసుకుంటూ ఆగింది. "మేడం, సూసిండ్రా?" అంది.

"చూశానమ్మా. చాలా బాగుంది."

ఆమె మొహంలో ఎంత నిశ్చింత కనిపించిందో ఇప్పటికీ గుర్తే. మెచ్చుకున్నందుకు మురిసిపోతోందని అనుకున్నాను.

ఆ తర్వాత పది రోజులు కాలేదు. ఒక సాయంత్రం వ్యాను అల్వాల్ దగ్గర ఒక పిల్లవాణ్ణి దింపి కదిలింది. మలుపులో తలుపు తెరుచుకుపోయింది. ఎల్‌కేజీ పాప ఒకతి బయటికి జారింది. ఆయమ్మ ఒక చేత్తో పాప బెల్టు దొరకబుచ్చుకుని, తనూ మెట్టు మీద పడి, రెండో చెయ్యి తలుపు అంచుకు చీరుకుపోయినా వదల్లేదు. పాప రోడ్డు మీద పడలేదు, చక్రం కిందికి పోలేదు. మెట్టుకు కొట్టుకుని పాప చెయ్యి విరిగింది. ఆయమ్మ అరచేతికి తొమ్మిది కుట్లు.

మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ గదిలో విచారణ. ప్రిన్సిపాల్, పాప తండ్రి, బస్సులు చూసుకునే ఇన్‌ఛార్జి, ఆయమ్మ. జరిగిందంతా ఇంగ్లీషులో రాయడానికి నన్ను పిలిచారు. మన ఇంగ్లీషు అంత గొప్పది మరి. తెల్ల కాగితాలు తీసుకుని ఒక పక్కన కూర్చున్నాను. ఆయమ్మను ఆ రోజే పంపించేయాలని ముందే అనుకున్నట్టు గదిలోకి అడుగుపెట్టగానే తెలిసిపోయింది. ఆమెను కూర్చోమని కూడా ఎవరూ అనలేదు.

ఇన్‌ఛార్జి మిలిటరీలో లారీలు నడిపి వచ్చిన మనిషి. గొంతు పెద్దది. "తలుపు కాడ కూసునుడే ఆమె డ్యూటీ సార్. గడె ఖరాబున్నదని ఒక్కనాడన్న నాకు జెప్పిందా, అడుగుండ్రి."

"మూడుసార్లు జెప్పిన సార్" అంది ఆయమ్మ.

"నోటితోటి జెప్తే ఎట్ల? కంప్లైంటు ఏదున్నా రాసియ్యాలె అని బోర్డు పెట్టిన్నా లేదా? ఒక్క కాయితం ఇచ్చినవా నువ్వు?"

"మీరే గద సార్ అన్నరు, ఇంగ్లీషుల రాసియ్యి, ఆఫీసుల గదే చెల్తది అని. నాకు ఇంగ్లీషు రాదంటే, అయితే నేర్చుకొని రా పో అన్నరు." ఆమె అక్కడితో ఆగలేదు. "నేర్చుకున్న సార్. రాసిచ్చిన. మేడంకు ఇచ్చిన. మేడం సూసి సంతకం జేసిండ్రు."

కుట్లు లేని చేత్తో సంచిలోంచి బ్రౌన్ అట్ట నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. అందరూ నా వంక తిరిగారు.

పనున్నది మేడం, అని మొదటి రోజే చెప్పింది. ఏం పని అని నేను అడిగితేగా!

ప్రిన్సిపాల్ పుస్తకం తిప్పారు. ఆయమ్మ మెల్లగా చెప్పింది. "పిల్లల డైరీలల్ల తల్లిదండ్రులు రాస్తరు గద సార్. జరమొచ్చింది, నీళ్ళ బాటిలి పోయింది అని. టీచరు సంతకం జేస్తది, తెల్లారి పని అయితది. రోజు వ్యానుల సూస్త. గట్లనే అనుకున్న. మేడంను అడిగిన గూడ, సూసిండ్రా అని. సూసిన అన్నరు. పెద్దోళ్ళ పని, జెర టైం పడ్తది అనుకొని గడెకు పాత చున్నీ కట్టుకొని ఆగిన. నిన్న బాబును దింపి మల్ల కట్టేలోపటనే బండి కదిలింది."

తల కొట్టేసినట్టయింది నాకు. మా బడిలో ఎవరిని అడిగినా అదే చెప్తారు. టీచరు సంతకం పెట్టిందంటే విషయం బడికి చేరినట్టే. ఆ ఆచారాన్ని మా కంటే గట్టిగా నమ్మింది ఆమె.

ఇన్‌ఛార్జి తేలిగ్గా నవ్వాడు. "సార్, ఇది ప్రాక్టీసు బుక్కు. సింహం అడివిల ఉంటది, రాజు దగ్గర బంగారం ఉంటది, గిట్లాంటియే గదా ఉండేది. మేడంకు ఏం ఎరుక?"

ప్రిన్సిపాల్ నాకు దారి ఇస్తున్నట్టుగా అడిగారు. "అవును కదా మేడం? ఇవి ఊరికే ఎక్సర్‌సైజు వాక్యాలే కదా?"

కొత్త టీచర్లూ, ఇక్కడ కాస్త ఆగండి. మీకు గొప్ప కోసం చెప్పడం లేదు. నాకు తల ఊపాలనిపించింది. నిజంగా అనిపించింది. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఒక్కసారి 'అవును' అంటే నా ముప్పయ్యేళ్ళ పేరు చెక్కు చెదరదు. ఆయమ్మ ఉద్యోగం పోతుంది, పాప చెయ్యి విరగడానికి కారణం ఆమేనని కాగితం మీద ఉండిపోతుంది. ఆ కాగితం రాసేది కూడా నేనే.

అప్పుడు ఆయమ్మ వంక చూశాను. ఆమె నన్ను బతిమాలడం లేదు. క్లాసులో నేను జవాబు చెప్తానని ఎదురు చూసినట్టే చూస్తోంది.

"కాదు సార్" అన్నాను. "ఈమె మూడో గడిలో అబద్ధం రాయదు. రాజు వాక్యం నేను రాయమన్నా రాయలేదు. ఇవన్నీ జరిగినవే."

పుస్తకం తీసుకుని పైకి చదివాను. 'డోర్ లాచ్ ఈజ్ లూజ్.' కింద నా 'గుడ్'. 'ఐ ఇన్‌ఫార్మ్‌డ్ సార్ రిపీటెడ్లీ.' కింద నా 'గుడ్'. 'ఐ యామ్ అఫ్రెయిడ్ ఫర్ ది చిల్డ్రన్.' కింద 'వెరీ గుడ్'. 'ప్లీజ్ రిపేర్ ది డోర్.' దాని కింద కూడా నా ఎర్ర సంతకం, తారీఖుతో సహా. వరసగా నాలుగు పేజీలు. ఏడో తరగతి తెలుగు మీడియం మనిషి, ఊడ్చే పని మధ్యలో, ఒక్కో మాట అడిగి తెచ్చుకుని రాసిన ఫిర్యాదు అది. అంత తేటగా ఉన్న ఇంగ్లీషును నా సర్వీసులో నేను దిద్దలేదు.

పాప తండ్రి నా వైపు తిరిగాడు. "మేడం, మరి మీరు చదివారు కదా?" అన్నాడు.

"సంతకం నాదే బాబూ. చదవలేదు. తప్పులున్నాయేమో చూశాను, అంతే."

తండ్రి లేచి, తన కుర్చీ ఆయమ్మ ముందుకు జరిపాడు. "కూర్చోండమ్మా. మీరు పట్టుకోకపోతే మా పాప మాకు దక్కేది కాదు" అని చేతులు జోడించాడు. ఆమె కంగారుపడి, "అయ్యో సార్, పాప ఏడ్వకుంట తింటున్నదా?" అంది. ముందు రోజు నుంచీ ఆ మాట అడగాలని చూస్తోందట, ఎవరూ అడగనివ్వలేదు.

ఆ మధ్యాహ్నమే మెకానిక్ వచ్చి గడె మార్చాడు. అరగంట పని. ఇన్‌ఛార్జిని బస్సుల పని నుంచి తప్పించారు. ఆయమ్మ ఉద్యోగం నిలబడింది. నాకు మెమో ఇచ్చారు, సర్వీసులో మొదటిది, చివరిదీ. దాన్ని దాచుకున్నాను. ఇప్పుడు ఆమె ఆ బడిలో బస్సు ఆయమ్మలందరికీ పెద్ద. పొద్దున్నే ప్రతి బండి తలుపూ లాగి చూసి, రిజిస్టరులో ఇంగ్లీషులో రాసి, ప్రిన్సిపాల్ చదివేదాకా ఎదురుగా నిలబడుతుందట. సంతకం పెట్టేదాకా కాదు, చదివేదాకా. శభాష్ అనుకున్నాను విని.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి ఉంది.

కుట్లు విప్పాక ఆమె మళ్ళీ మధ్యాహ్నం క్లాసుకు వచ్చింది. ఏమీ జరగనట్టే ఎదురుగా కూర్చుంది. ఆ రోజు నల్లబల్ల మీది ఐదు మాటల్లో ఒకటి 'అపాలజైజ్'. క్షమాపణ అడగడం. డెఫినిషన్ చక్కగా రాసుకుంది. మూడో గడి ఖాళీగా ఉంచింది. మర్నాడూ ఖాళీ. మూడో రోజూ ఖాళీ. మిగతా నాలుగు మాటలకూ వాక్యాలున్నాయి. నాకు పాత కోపం వచ్చింది.

"ఏమమ్మా, బద్ధకమా? మూడు రోజులైంది."

"అది గాదు మేడం" అంది నెమ్మదిగా. "ఇది నేనింక సూడలే. శానా యాది జేసుకున్న. మా ఇంట్ల గూడ సూడలే, ఈ బడిల గూడ సూడలే. కొన్ని రోజులాగి రాస్త, ఏమనుకోకుండ్రి."

దెప్పడం లేదు. ఆమెకు దెప్పడం రాదు. నిజంగానే వెతుక్కుని, దొరకక, అలా వదిలేసింది. ప్రిన్సిపాల్ ముందు తప్పు ఒప్పుకున్నాను. పాప ఇంటికి వెళ్ళి తల్లి ముందు ఏడ్చాను. ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద దేవుడికి చెప్పుకున్నాను. రోజూ ఎదురుగా కూర్చుని నాతో అన్నం తినే ఈ మనిషికి మాత్రం చెప్పలేదు. చెప్పాలని తట్టను కూడా తట్టలేదు. ఆయమ్మే కదా అనుకున్నానేమో. సిగ్గుగా ఉంది రాయడానికి, అయినా అదే నిజం.

క్యారియర్ పక్కకు పెట్టి లేచి నిలబడ్డాను.

"నన్ను క్షమించమ్మా. నువ్వు రాసింది నేను చదవలేదు. చదివి ఉంటే పాప చెయ్యి విరిగేది కాదు, నీ చెయ్యి చీరుకుపోయేది కాదు. చూశానని నీకు అబద్ధం చెప్పాను."

"అయ్యో, గదేంది మేడం, కూసోండ్రి, కూసోండ్రి" అని గాభరాగా లేచింది. నేను కూర్చోలేదు. ఆమెకూ ఏం చేయాలో తోచలేదు. ఇద్దరం నిలబడే ఉన్నాం. కాసేపటికి కొంగుతో కళ్ళు ఒత్తుకుని కూర్చుంది. పెన్ను తీసింది. కుట్లు మానిన చెయ్యి ఇంకా సరిగా వంగడం లేదు. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసి, పుస్తకం నా వైపు తిప్పింది.

'మై మేడం అపాలజైజ్డ్ టు మీ టుడే. షి స్టుడ్ అప్.'

ఎర్ర పెన్ను అలవాటుగా చేతిలోకి వచ్చింది. దాన్ని పక్కన పెట్టేశాను. ఆ రెండు వాక్యాలూ ఒకసారి చదివాను. మళ్ళీ ఇంకోసారి చదివాను. అప్పుడు ఆమె పెన్నే అడిగి తీసుకుని సంతకం పెట్టాను.